మిస్ బ్రిల్‌కి వయసెంత? ఒక అనువాదం డైరీ

మొదటి ఆదివారం

ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చిన పని ఇవాళ మొదలుపెట్టాను. న్యూజీలాండ్ రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ ఇంగ్లీషు కథ 'మిస్ బ్రిల్'ని తెలుగులోకి తేవాలి. మాన్స్‌ఫీల్డ్ 1923లోనే పోయింది కాబట్టి హక్కుల గొడవ లేదు. కథ చిన్నది, పుస్తకంలో ఆరేడు పేజీలకి మించదు. ఆదివారానికి పేరానో రెండు పేరాలో చేసినా రెండు నెలల్లో అయిపోవాలి.

చదవనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. ఫ్రాన్సులో ఒక ఊరు, ఆదివారం మధ్యాహ్నం. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికే మిస్ బ్రిల్ పెట్టెలోంచి తన పాత ఫర్ (మెత్తటి వెంట్రుకలున్న జంతువు తోలు) తీసి, దులిపి, మెడకి చుట్టుకుని పార్కుకొస్తుంది. ఎప్పుడూ కూర్చునే బెంచీ మీదే కూర్చుంటుంది. బ్యాండు వింటుంది. వచ్చేపోయేవాళ్ళని చూస్తుంది. పక్కవాళ్ళ మాటలు విననట్టే వింటుంది. చూస్తూ చూస్తూ ఉండగా ఇదంతా ఒక నాటకమనీ, అందులో తనకీ ఒక వేషం ఉందనీ తోచి ఒళ్ళు పులకరిస్తుంది. సరిగ్గా అప్పుడు ఒక కుర్ర జంట వచ్చి పక్కన కూర్చుంటారు. ఆమె గురించి నాలుగు మాటలు అనుకుంటారు. ఆమె ఇంటికెళ్ళిపోతుంది. ఫర్‌ని పెట్టెలో పెట్టేస్తుంది. అంతే కథ.

ఇరవై ఏళ్ళప్పుడు చదివితే ఆ కుర్రవాడి మీద కోపం వచ్చింది. నలభై దాటాక మళ్ళీ చదివాను. కోపం రాలేదు, భయం వేసింది. ఆ భయమే ఈ పనికి కూర్చోబెట్టింది.

మూలాన్ని పెద్ద అక్షరాల్లో, వరుసల మధ్య బాగా సందు వదిలి ప్రింటు తీసుకున్నాను. పెన్సిలు, రబ్బరు, ఒక నోటుబుక్కు. కింద వివరణలు ఇవ్వకూడదని ముందే నియమం పెట్టుకున్నాను. చెప్పాల్సింది వాక్యంలోనే ఇమడాలి.

మొదటి పేరాకే నాలుగు గంటలు పట్టింది. కారణం ఒక్క మాట, ఫర్.

తెలుగులో దానికి 'బొచ్చు' అన్న మాట ఉంది. ఉంది గానీ, విసుక్కోవడానికీ తిట్టడానికీ వాడి వాడి ఆ మాటని పాడు చేసుకున్నాం. చేత్తో తడిమి ముద్దు చేసుకునే వస్తువుకి ఆ పేరు పెట్టలేను. 'నక్కతోలు' అని రాసి చూశాను. తీరా మూలం మళ్ళీ చూస్తే, అది ఏ జంతువుదో మాన్స్‌ఫీల్డ్ ఎక్కడా చెప్పలేదు. చిన్న కళ్ళున్నాయి, నల్లటి ముక్కుంది, ఎడమ చెవి పక్కన తన తోకని తనే కొరుక్కుంటూ ఉంటుంది. ఆ కాలంలో ఐరోపా ఆడవాళ్ళు తలా తోకా ఉన్న నక్క ఫర్‌లు మెడకి చుట్టుకునేవాళ్ళు కాబట్టి చదివినవాళ్ళంతా దీన్నీ నక్కే అనుకుంటారు. తెలుగులో నక్క అంటే జిత్తులూ, తోక తొక్కిన అదృష్టమూ వెంటబడి వచ్చేస్తాయి. వద్దనుకున్నాను.

మధ్యలో ఒక ఉపాయం తట్టింది. మిస్ బ్రిల్ నోట 'ఫర్', చివర్లో వెక్కిరించే అమ్మాయి నోట 'బొచ్చు'. గంటసేపు సంబరపడ్డాను. తర్వాత కొట్టేశాను. మొదటి వాక్యం నుంచీ ఆమె మురిపెంగా తలుచుకున్న మాటనే ఆ అమ్మాయి అందుకుని కిసుక్కుమంటుంది. అదే మాట కావడంలోనే దెబ్బంతా ఉంది. కథంతా ఒకటే మాట, ఫర్.

ముద్దుపేరు ఇంకో చిక్కు. ఆమె దాన్ని ముద్దుగా తిడుతుంది. నా చేతికి మొదట వచ్చింది 'దొంగముండ'. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు పసిపిల్లల్ని అలాగే అనేవాళ్ళు, ప్రేమగానే. కానీ ఆ మాటలో వైధవ్యం ఉంది, పైగా ఆ మాట అనే నోటికి డెబ్భై ఏళ్ళున్నట్టు వినిపిస్తుంది. 'దొంగపిల్ల' అని పెట్టాను. ప్రస్తుతానికి.

రెండో ఆదివారం

మొదటి ముసాయిదాలో 'అనుకుంది' ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాను. 23. మూలంలో అలాంటివి బహు కొద్ది.

తెలుగులో ఎవరి మనసులో మాటైనా రాయాలంటే చివర 'అని అనుకుంది' తగిలించడం మనకి అలవాటు. ఈ కథకి ఆ అలవాటు పనికిరాదు. ఇలాంటి కథలన్నిటికీ 'చైతన్య స్రవంతి' (పాత్ర ఆలోచనలు ఎలా వస్తే అలాగే రాసుకుపోవడం) అని పేరు పెట్టేస్తుంటాం, కానీ ఇక్కడ జరుగుతున్నది అది కాదు. మిస్ బ్రిల్ తలలోకి దూకి మునిగిపోవడం లేదు. చెప్పేవాళ్ళు, అనుకునేవాళ్ళు ఇద్దరూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చుంటారు. ఎక్కడ కథకుడి మాట ఆగిందో, ఎక్కడ ఆమె మాట మొదలైందో గీత కనబడదు. ఆ గీత కనబడకపోబట్టే చదివేవాడు కూడా ఆమెతో పాటు మోసపోతాడు. నాటకం అని ఆమె నమ్మితే మనమూ నమ్ముతాం. పక్కన ఒకరు నిలబడి ప్రతి వాక్యానికీ 'అని ఆమె అనుకుంది' అంటూ ఉంటే, ఆమె పొరబడుతోందని మనకి ముందే తెలిసిపోతుంది.

ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. తీసేసిన చోట వాక్యం ఒరిగిపోకుండా ఏం నిలబెట్టాలి? జవాబు మన నోళ్ళలోనే ఉంది. కదూ. లే. ఏమో. మరి.

బ్యాండు మాస్టరు కోటు దగ్గర మొదట ఇలా రాశాను: 'బ్యాండు మాస్టరు కొత్త కోటు వేసుకున్నాడని ఆమె అనుకుంది. అది కొత్తదేనని ఆమెకి నమ్మకం కలిగింది.' ఇప్పుడిలా అయింది: 'బ్యాండు మాస్టరు కోటు కొత్తది కదూ? కొత్తదే.' ఫర్ ముక్కుకి దెబ్బ తగిలిందే అని దిగులుపడి అంతలోనే సర్దుకునే చోట 'పోనీలే' ఒక్కటి చాలింది. చేతులు జివ్వుమనడానికి ఆమె చెప్పుకున్న కారణం 'నడిచొచ్చినందుకేమో' అయింది.

ఇంకో సంగతి ఇవాళే గమనించాను. 'కొత్తదే' అన్న వాక్యంలో క్రియ లేదు. క్రియ లేదు కాబట్టి కాలమూ లేదు. ఇంగ్లీషు ఇక్కడ భూతకాలంలో చెప్పక తప్పదు. తెలుగు వాక్యం మాత్రం ఆ క్షణంలో ఆమె మనసులో పలికినట్టూ ఉంటుంది, తర్వాత ఎవరో చెబుతున్నట్టూ ఉంటుంది. ఇలా క్రియలేని వాక్యాలు ఎక్కడెక్కడ వీలవుతాయో ఆకుపచ్చ పెన్సిలుతో గుర్తులు పెట్టాను. చాలా చోట్లే ఉన్నాయి.

23 కాస్తా 4కి దిగింది.

బుధవారం

చిన్న గమనిక. ఫర్ మీద చల్లిన పొడి. నిద్రకళ్ళతో 'పురుగుల మందు దులిపి' అని రాసి ఉంచాను. పొద్దున చూసి ఉలిక్కిపడ్డాను. ఒంటరి మనిషి, చిన్న గది, పురుగుల మందు. తెలుగువాళ్ళు ఈ మూడూ కలిపి చదివితే కథ మొదటి పేరాలోనే వేరే ఊరికి వెళ్ళిపోతుంది. 'కలరా ఉండలు' అంటే వాసన వస్తుంది గానీ, అక్కడున్నది పొడి. 'పురుగు పట్టకుండా చల్లిన పొడి దులిపి' అని సరిచేశాను.

మూడో ఆదివారం

ఇవాళ పేరా ముందుకు కదల్లేదు. కానీ ఈ పని మొత్తంలో నాకు దొరికిన ముఖ్యమైన సంగతి ఇవాళే దొరికింది.

ముసాయిదాలో మిస్ బ్రిల్‌ని 'ఆవిడ' అని రాసుకుంటూ పోయాను. చెవికి బాగానే ఉంది. గట్టిగా చదివేసరికి ఏదో తేడా కొట్టింది. 'ఆవిడ' అనగానే వయసొచ్చిన మనిషి కళ్ళ ముందుకొస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. సర్వనామమే చెప్పేస్తుంది. అప్పుడు ఒక అనుమానం వచ్చి మూలాన్ని మొదటి నుంచీ వేలు పెట్టి చదివాను. మిస్ బ్రిల్ వయసెంత?

కథ ఎక్కడా చెప్పదు. ఆమె ముసలిదని కథకుడు ఒక్కసారి కూడా అనడు. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళే. బెంచీ మీద మఖమల్ కోటు ముసలాయన, అల్లిక పని ఒళ్ళో పెట్టుకున్న ముసలామె. నలుగురమ్మాయిలు గుద్దుకుని పడెయ్యబోయిన గడ్డం ముసలాయన. వారానికి నాలుగు మధ్యాహ్నాలు ఆమె పేపరు చదివి వినిపించే జబ్బు ముసలాయన. బెంచీల మీదా పచ్చ కుర్చీల మీదా వారం వారం కనిపించే జనమంతా దాదాపు ముసలివాళ్ళేననీ, మాటా పలుకూ లేనివాళ్ళనీ, ఏ చీకటి గదుల్లోంచో, ఆ మాటకొస్తే అలమరల్లోంచో వచ్చినట్టున్నారనీ ఆమే గమనిస్తుంది. తనూ వాళ్ళలో ఒకతెనని ఆమెకి తట్టదు. మనకీ తట్టనివ్వదు మాన్స్‌ఫీల్డ్. వయసు ఆమె మీద మొదటిసారి పడేది ఆ కుర్రవాడి నోట్లోంచే, ఒక్క దెబ్బగా.

ఇది తెలిశాక నా ముసాయిదా చదువుకుంటే సిగ్గేసింది. మొదటి పేజీ నుంచీ ఆమె వయసు కారిపోతూనే ఉంది. 'ఆవిడ' ఒక కంత. 'వణికే చేతులు' అని నేనే కలిపాను, మూలంలో వణుకు లేదు. అన్నిటికంటే పెద్ద కంత 'పాపం'. మూడు చోట్ల రాశాను. 'పాపం, దాని ముక్కు మెత్తబడింది' అన్నది ఆమె మాట కాదు, ఆమె మీద నేను పడుతున్న జాలి. నేను ముందే జాలిపడిపోతే, చదివేవాళ్ళు ఆమెతో కలిసి ఆ మధ్యాహ్నాన్ని ఆనందించేదెప్పుడు? ఆ రెండు గంటలు ఆమె నిజంగా సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని తెలుగులో పూర్తిగా నిలబెట్టకపోతే చివరి పేజీకి అర్థమే లేదు.

మూడు పాపాలూ కొట్టేశాను. 'ఆవిడ' అన్నీ తీసేశాను. కుదిరిన చోట పేరు, లేకపోతే 'ఆమె', ఆలోచనల్లో 'తను', వీలైతే అసలు కర్తే లేకుండా. తెలుగు వాక్యం కర్త లేకుండా హాయిగా నడుస్తుంది.

నోటుబుక్కులో ఒక పేజీ దీనికే కేటాయించి 'ముసలి' ఎక్కడెక్కడ రావాలో రాసుకున్నాను. ముసలాయన, ముసలామె, ముసలివాళ్ళు. ఇవన్నీ ఆమె చుట్టూ తిరుగుతూ ఉండాలి, మర్యాద తోకలతో సహా. ఆమె దగ్గరికొచ్చేసరికి ఆ తోక తెగిపోయి 'ముసల్ది' అవ్వాలి. ఒక్కసారి. ఆ చోటుకి ముందు ఆమె పక్కన ఈ మాట నీడ కూడా పడకూడదు.

ఈ కథ రాసేటప్పుడు మాన్స్‌ఫీల్డ్‌కి 32 ఏళ్ళు. ఫ్రాన్సు దక్షిణ తీరాన మాంతోన్‌లో, క్షయతో బాధపడుతూ రాసింది. 1920 నవంబరు 26న 'ఎథీనియం' పత్రికలో వచ్చింది. అప్పుడు ఆ పత్రిక సంపాదకుడు ఆమె భర్త జాన్ మిడిల్టన్ మర్రీ. మాన్స్‌ఫీల్డ్ 34 ఏళ్ళకే, పారిస్ దగ్గరి ఫాంతెన్‌బ్లోలో పోయింది. ముసలితనం ఆమె చూడనే లేదు. ఇంత దగ్గరగా ఎలా చూసిందా అని ఇవాళ చాలాసేపు కూర్చుండిపోయాను.

నాలుగో ఆదివారం

బ్యాండు.

మాన్స్‌ఫీల్డ్ 1921 జనవరిలో తన మరిది రిచర్డ్ మర్రీకి రాసిన ఉత్తరంలో ఈ కథ గురించి చెప్పుకుంది. ప్రతి వాక్యం పొడవే కాదు, దాని చప్పుడు కూడా ఏరుకున్నానంది. ప్రతి పేరా ఎత్తుపల్లాలూ మిస్ బ్రిల్‌కి, ఆ రోజుకి, ఆ క్షణానికి సరిపోయేలా చూసుకున్నానంది. రాశాక పైకి చదువుకుందట, సంగీతం సాధన చేసినట్టు, ఎన్నోసార్లు. అందుకే నేనూ ఫోనులో రికార్డు చేసుకుని వింటున్నాను. కళ్ళు క్షమించేసిన వాక్యాన్ని చెవి క్షమించదు.

పార్కులో ఒకామె ఉంటుంది, ఎర్మిన్ అనే చిన్న జంతువు ఫర్‌తో చేసిన టోపీతో. జుట్టు బంగారు రంగులో ఉన్నప్పుడు కొనుక్కున్న టోపీ. ఇప్పుడు జుట్టూ, మొహమూ, కళ్ళూ కూడా ఆ వెలిసిపోయిన టోపీ రంగుకే వచ్చాయి. ఒక పెద్దమనిషి ఎదురైతే గలగలా మాట్లాడుతుంది. ఆయన సిగరెట్టు ముట్టించి, పొగ ఆమె మొహం మీదికి వదిలి, పుల్ల విసిరేసి వెళ్ళిపోతాడు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంటుంది. అప్పుడు బ్యాండులో డప్పు ఆయన్ని ఒక్క మాటతో తిడుతూ మోగుతుంది, రెండుసార్లు. ఆ మాట తెలుగులో కావాలి. తిట్టూ కావాలి, దెబ్బా కావాలి.

'పశువు! పశువు!' అని బల్ల మీద అరచేత్తో కొట్టి చూశాను. మూడూ లఘువులే, పరిగెడుతున్నట్టుంది. 'దుర్మార్గుడు' డప్పు మీద పలకదు. 'క్రూరుడు' మొదటి దెబ్బే బరువైపోయింది. మూలంలో ఒక తేలిక, ఒక బరువు. లఘువు, గురువు. చిన్నప్పుడు ఛందస్సు పాఠంలో నేర్చుకున్న వ గణం. ఆ లెక్కన వెతికితే పది నిమిషాల్లో దొరికింది.

మృగం! మృగం!

రికార్డు విన్నాను. డప్పే. పైగా మెడ మీద ఒక చచ్చిన మృగాన్ని పెట్టుకుని ముద్దు చేస్తున్న మనిషి చెవిలో అది ఇంకోలా మోగుతుంది.

ఆ టోపీ ఆమెని మూలంలో ఒక చోట నుంచీ టోపీ అనే పిలుస్తారు. టోపీ నవ్వింది, టోపీ వెనక్కి తిరిగింది. ఇంగ్లీషులో అది విడ్డూరంగా కనిపిస్తుంది. తెలుగులో అతుకు కూడా కనబడలేదు. 'నవ్వింది' ఆడమనిషికీ అదే, వస్తువుకీ అదే. మన వ్యాకరణంలో ఏకవచనంలో ఆడమనిషీ వస్తువూ ఒకే క్రియ కింద ఉంటారు. నిత్యం వాడే భాషే అయినా, ఇవాళ దాన్ని కొత్తగా చూసినట్టయింది. పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నాను, ముందుముందు పనికొస్తుందని.

ఐదో ఆదివారం

జ్వరం. కూర్చోలేదు.

ఆరో ఆదివారం

నాటకం పేరాలు. ఇవి గబగబా సాగాయి, ఒక్క చోట తప్ప.

ఇక్కడ మూలంలో ఎదురుకాని ప్రశ్న తెలుగులో ఎదురైంది. నువ్వా, మీరా? ఈ ప్రశ్న కోసం కథంతా వెతికాను. అసలు మిస్ బ్రిల్‌తో ఎవరు మాట్లాడతారు? ఎవరూ మాట్లాడరు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషి కూడా ఆమెని పలకరించడు. ఆమె కూడా నోరు తెరిచి ఎవరితోనూ ఒక్క మాట అనదు. కుర్రవాడు కూడా ఆమె 'గురించి' అంటాడే గానీ ఆమె'తో' అనడు. ఇన్నిసార్లు చదివినా ఈ సంగతి ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనబడలేదు. తెలుగులో మధ్యమ పురుష కోసం వెతుక్కోవలసి వచ్చి కనబడింది.

ఒకే ఒక్క చోట ఆమెని ఎవరో పలకరిస్తారు, అదీ ఆమె ఊహలో. పేపరు వింటూ నిద్రపోయే ఆ జబ్బు ముసలాయన, తనకి పేపరు చదువుతున్నది ఒక నటి అని తెలిసి కళ్ళు తెరుస్తాడు. నటివా అని అడుగుతాడు. ఆమె పేపరుని తన వేషం రాసిన కాగితంలా సవరించి, అవును, ఎప్పట్నించో, అంటుంది.

'నటివా నువ్వు?' అని రాశాను ముందు. జీతమిచ్చే మనిషి, వయసులో పెద్ద, అలాగే అంటాడు. తర్వాత ఆలోచించాను. ఊహ ఆమెది. ఆ ఊహలో ఆయన ఆమెని ఎలా పిలవాలనేది ఆమె చేతిలో ఉంది. కథ మొత్తంలో దక్కే ఒకే ఒక్క పలకరింపులో ఆమె తనకి తాను ఏం ఇచ్చుకుంటుంది?

'నటా మీరు?'

అలాగే ఉంచాను.

ఏడో ఆదివారం

వాయిదా వేస్తూ వచ్చిన పేజీ.

కుర్రవాడి మాటలు నేను రాస్తే నాలాగే మాట్లాడుతున్నాడు. 'ఆ చివర కూర్చున్న తెలివితక్కువ ముసలామె కారణంగానా?' అని రాసి మా చిన్నాన్న కొడుక్కి చూపించాను. వాడికి ఇరవై ఒకటి.

"అక్కా, ఇలా ఎవరూ అనరు" అన్నాడు.

"మరెలా అంటారు?"

ముందూ వెనకా ఏముందో అడిగాడు. చెప్పాను. పార్కు బెంచీ, అమ్మాయి 'ఇప్పుడొద్దు, ఇక్కడొద్దు' అంటుంది. వాడు ఆలోచించలేదు కూడా, "ఎందుకూ? ఆ చివర ముసల్దుందనా?" అన్నాడు. అదే ఊపులో, "ఎవరు రమ్మన్నారు దాన్ని? ఆ మొహమేదో ఇంట్లోనే పెట్టుకోవచ్చుగా" అన్నాడు. అనేసి ఆగిపోయాడు. ఫోను పక్కన పెట్టాడు. "ఆమెకి వినబడుతుందా అక్కా?" అని అడిగాడు.

వినబడుతుందని చెప్పాను.

వాడన్న మాటలు దాదాపు అలాగే దించాను. మూలంలో ఎవరిక్కావాలి అని ఉంది కాబట్టి 'ఎవరిక్కావాలి ఇక్కడ' అని మార్చాను. 'ముసల్దుందనా' లో ఆ 'ది' చూడండి. ఇంగ్లీషులో కుర్రవాడు ఆమెని 'వస్తువు' అనే మాటతోనే ముగిస్తాడు. తెలుగులో ఆ పని చెయ్యడానికి వేరే మాట అక్కర్లేదు, ఒక ప్రత్యయం చాలు. మూడో ఆదివారం వేసుకున్న పట్టిక ప్రకారం ఆయన, ఆమె, వాళ్ళు దాటి వచ్చిన 'ది' ఇది.

తర్వాత అమ్మాయి నవ్వు. ఆ ఫర్ అచ్చం వేయించిన చేపలా ఉందంటుంది. మూలంలో ఆ చేప పేరు వైటింగ్. దాన్ని తోక నోట్లో దూర్చి గుండ్రంగా వేయించడం ఫ్రాన్సులో పాత పద్ధతి. అంటే ఆ అమ్మాయి పోలిక గాలిమాట కాదు. చెవి పక్కన తన తోకని తనే కొరుక్కుంటున్న ఆ ఫర్‌ని చూసి అచ్చంగా సరిపోయే మాట అంది. మిస్ బ్రిల్ ముచ్చటపడిన వివరాన్నే ఆ పిల్లా చూసింది, వేరే కళ్ళతో. 'వేయించిన చేప' అని ఊరుకుంటే తెలుగులో ఈ ముడి విడిపోతుంది. 'తోక నోట్లో పెట్టి వేయించిన చేపలా' అని రాశాను. మూడు మాటలు ఎక్కువ కలిపాను, తెలిసే కలిపాను. బ్రిల్ అన్నది కూడా ఒక చేప పేరే. అది తెలుగులోకి రాదు. దాన్ని వదులుకోక తప్పలేదు.

పని అయ్యాక మొత్తం ఫైల్లో 'ముసల్దు' అని వెతికాను. ఒక్కటే చూపించింది.

ఎనిమిదో ఆదివారం

చివరి పేజీ.

ఆదివారం ఇంటికెళ్ళేటప్పుడు ఆమె బేకరీలో ఒక తేనె కేకు ముక్క కొనుక్కుంటుంది. ఒక్కోసారి అందులో బాదంపప్పు వస్తుంది, ఒక్కోసారి రాదు. వస్తే ఎవరో కానుక ఇచ్చినట్టు. బాదం ఆదివారాల్లో అడుగులు వడివడిగా పడతాయి, కెటిల్ కింద అగ్గిపుల్ల ఠీవిగా గీస్తుంది. 'బాదం ఆదివారాలు' అని రాయగానే వాక్యం వెలిగింది. మనుషుల నుంచి ఏమీ అందని వారాల్లో ఒక బాదంపప్పుకి ఇంత చోటుంది.

రెండు మాటలు పనిగట్టుకుని ఒకేలా ఉంచాను. ఒకటి అగ్గిపుల్ల. టోపీ ఆమె ముందు ఆ పెద్దమనిషి విసిరేసిందీ అగ్గిపుల్లే, ఇక్కడ మిస్ బ్రిల్ గీసేదీ అగ్గిపుల్లే. రెండోది అలమర. పార్కులో జనం అలమరల్లోంచి వచ్చినట్టున్నారని ఆమె అనుకున్నప్పుడు ముందు 'బీరువా' అని రాశాను. అది ఇనప చప్పుడు చేసింది. 'అలమర' అని మార్చి, చివర్లో ఆమె తన చిన్న చీకటి గదిలోకి వెళ్ళినప్పుడు, ఆ గదికీ అదే మాట పెట్టాను. ఇవాళ ఆమె బేకరీ ముందు ఆగలేదు. మెట్లెక్కి, అలమరలాంటి తన గదిలో, ఎర్ర బొంత మీద కూర్చుంది. పెట్టె మంచం మీదే ఉంది.

ఆఖరి వాక్యం. నా ముసాయిదాలో ఇలా ఉంది: 'మూత పెడుతుంటే లోపల ఎవరో ఏడుస్తున్నట్టనిపించింది.'

'ఎవరో' తప్పు. మూలంలో మనిషి కాదు. 'ఏదో' అని మార్చాను. ఇంకా ఏదో అడ్డు తగులుతూనే ఉంది. పది సార్లు పైకి చదివాక తెలిసింది, ఆ 'లోపల' మాన్స్‌ఫీల్డ్‌ది కాదు, నాది. పెట్టె లోపల అని చెప్పేస్తే ఏడ్చింది ఫర్ అని తేలిపోతుంది. మూలం ఎక్కడనేది చెప్పదు. నాలుగో ఆదివారం పెట్టుకున్న నక్షత్రం గుర్తు ఇక్కడ అక్కరకొచ్చింది. ఏడ్చింది. ఫర్ ఏడ్చినా అదే మాట, మిస్ బ్రిల్ ఏడ్చినా అదే మాట.

'మూత పెడుతుంటే, ఏదో ఏడుస్తున్నట్టనిపించింది.'

తొమ్మిదో ఆదివారం

మా పెద్దమ్మకి చదివి వినిపించాను. ఎనభై దాటింది, చూపు ఆనదు, చెవి మాత్రం గట్టిది. కథ గురించి ముందు ఏమీ చెప్పలేదు. ఎవరు రాశారో కూడా చెప్పలేదు.

కోటు దగ్గర నవ్వింది. కథలో కళ్ళజోడు ఎలాంటిదిచ్చినా వద్దని మొగుడి దగ్గర సణిగే భార్య వచ్చిన చోట "అలాంటివాళ్ళుంటారే" అంది. మృగం, మృగం దగ్గర కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు వేసింది, నేను అడక్కుండానే. ముసల్ది అన్న చోట ఏమీ అనలేదు. నేను ఆగబోతే "చదువు" అంది.

అయిపోయాక చాలాసేపు కూర్చుంది. కథ ఎలా ఉందో చెబుతుందని చూశాను.

"దాని ముక్కుకి లక్క పెట్టలేదుగానే" అంది. "మొదట్లో అంది చూడు, పెడతానని. అలాగే పెట్టేసింది పెట్టెలో."

లోపలికెళ్ళి మొదటి పేరా తీశాను. అక్కడ నేను 'అవసరమైతే కాస్త నల్ల లక్క పెడితే సరిపోతుంది' అని ఒక్క వాక్యంలో దాటేశాను. మూలంలో అలా లేదు. పోనీలే అనుకున్నాక ఒకసారి సమయం వస్తుందంటుంది, ఆగి, మరీ తప్పనిసరైతే అంటుంది. వాయిదా మీద వాయిదా. ఆ తడబాటు నేను వదిలేశాను, పెద్దమ్మ పట్టుకుంది. పెన్సిలు తీసి సరిచేశాను: 'పోనీలే. ముక్కు మీద కాస్త నల్ల లక్క పెడితే సరి, టైమొచ్చినప్పుడు... ఇంక తప్పదన్నప్పుడు...'

మళ్ళీ వెళ్ళి ఆ ఒక్క ముక్కా చదివాను. "ఆఁ, అలా" అంది పెద్దమ్మ.